గ్రిల్, ఎయిర్ ఫ్రయర్, ఓటీజీ: వాడకం, కడగడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ వంటగది గట్టు చూసినా మిక్సీ పక్కన ఇంకో రెండు మూడు కరెంటు వస్తువులు కనిపిస్తున్నాయి. గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన ఎయిర్ ఫ్రయర్, దీపావళి ఆఫర్లో కొన్న గ్రిల్, అమెరికాలో ఉన్న అబ్బాయి సూట్‌కేసులో తెచ్చిన ఇంకేదో. కొత్తలో వారం వారం కబాబులే. కొన్నాళ్లకి అదే వస్తువు అటకెక్కుతుంది. వంట కుదరక అటకెక్కేవి తక్కువ, కడిగే ఓపిక లేక ఎక్కేవే ఎక్కువ. అందుకే ఇక్కడ వండటం కంటే కడగడం గురించి ఎక్కువ రాశాను. చుట్టాలు, ఇరుగుపొరుగు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలే ఇవన్నీ.

గ్రిల్, ఓటీజీ, ఎయిర్ ఫ్రయర్, ఎలక్ట్రిక్ తందూర్... ఇన్ని ఉన్నాయి. వీటిలో మాకు ఏది పనికొస్తుంది?

వేడి ఎటు నుంచి తగులుతుందన్నదే వీటి మధ్య అసలు తేడా. శాండ్‌విచ్ గ్రిల్‌లో రెండు వేడి ప్లేట్లు పైనా కిందా నేరుగా అదుముతాయి. పని త్వరగా అవుతుంది, చారలు అందంగా పడతాయి. కానీ ముక్క మరీ మందంగా ఉంటే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. ఓటీజీ అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ ఒకే పెట్టెలో. అందులో కాయిల్స్ దూరం నుంచి వేడి చేస్తాయి కాబట్టి నిదానం. అయితే పిల్లల బర్త్‌డే కేకు దగ్గర్నుంచి మొత్తం కోడి దాకా అందులో పడుతుంది. ఎయిర్ ఫ్రయర్ అంటే ఫ్యాను పెట్టిన చిన్న ఓవెన్, అంతే. వేడి గాలి చుట్టూ తిరగడం వల్ల పైపొర కరకరలాడుతుంది. ఇంట్లోకి దొరికే ఎలక్ట్రిక్ తందూర్లు చాలావరకు లోపల కాయిల్, కింద సొరుగులా లాగే ట్రే ఉన్న చదునైన పెట్టెలు. బొగ్గు తందూరీ రుచి వాటి నుంచి ఆశించకండి. పేరే తందూర్.

నలుగురైదుగురు ఉన్న ఇంట్లో ఒక్కటే కొనాలంటే నా ఓటు ఓటీజీకి. ఇద్దరే ఉంటే ఎయిర్ ఫ్రయర్ చాలు. నెలకోసారి పనీర్ టిక్కా తినాలనిపించేవాళ్లు ఏమీ కొననక్కర్లేదు, ఇంట్లో ఉన్న దోసె పెనం మీద చక్కగా వస్తుంది.

మా గ్రిల్‌కి పెద్ద ప్లగ్గు వచ్చింది. చిన్న పాయింటులో పెట్టుకోవడానికి కన్వర్టర్ వాడొచ్చా?

వద్దు. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. చిన్న పాయింటు 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. 230ని 6తో గుణిస్తే 1380 వాట్లు. అంతకంటే ఎక్కువ లాగే వస్తువుని చిన్న పాయింటులో పెడితే అది పనిచేయదని కాదు, పనిచేస్తూనే లోపల పిన్నులు, వైరు వేడెక్కుతాయి. కొన్నాళ్లకి సాకెట్ చుట్టూ గోధుమరంగు మరక వస్తుంది, ప్లాస్టిక్ కాలిన కమురు వాసన వస్తుంది. అప్పటికే ఆలస్యం.

వస్తువు అడుగున గానీ వెనక గానీ ఉండే స్టిక్కర్ మీద వాట్లు రాసి ఉంటాయి, చూసుకోండి. మామూలు శాండ్‌విచ్ మేకర్ 700 నుంచి 800 వాట్లు, దానికి చిన్న పాయింటు సరిపోతుంది. ఎయిర్ ఫ్రయర్లు 1400, 1500 దగ్గర ఉంటాయి. పెద్ద గ్రిల్, ఎలక్ట్రిక్ తందూర్, ఇండక్షన్ స్టవ్ 2000 వరకు పోతాయి. ఇవన్నీ 16 ఆంపియర్ల పాయింటులోనే. గట్టు దగ్గర అలాంటిది ఒక్కటే ఉండి, దాన్ని ఫ్రిజ్ ఆక్రమించేసి ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇంకోటి వేయించండి. పాత బస్తీలోనో సికింద్రాబాద్ పాత కాలనీల్లోనో ఉన్న ఇళ్లయితే పాయింటు ఒక్కటే కాదు, దాని వెనక వచ్చే వైరు మందం కూడా చూడమనండి. ప్లగ్ టాప్, సాకెట్ లాంటివి కోఠీ ట్రూప్ బజార్‌లో మంచివే దొరుకుతాయి, ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సులో?

ఫోన్ ఛార్జర్లకి వాడండి. వేడి చేసే వస్తువులకి వద్దు.

ఓటీజీ, ఇండక్షన్ ఒకేసారి వేస్తే కరెంటు పోతోంది. ఎందుకు?

రెండూ ఒకే ఎంసీబీ కింద, అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్ కింద, ఉండి ఉంటాయి. ఓటీజీ 1500, ఇండక్షన్ 2000 అనుకుంటే 3500 వాట్లు, అంటే 15 ఆంపియర్ల పైచిలుకు. అదే లైను మీద ఫ్రిజ్ కూడా ఉంటే 16 ఆంపియర్ల ఎంసీబీ కాసేపటికి పడిపోవచ్చు. అది చేయాల్సిన పని అదే. కొంతమంది విసుగొచ్చి 32 ఆంపియర్లది వేయించుకుంటారు. అలా చేస్తే ఎంసీబీ పడదు, గోడలోని వైరు కాలుతుంది. ఒకటి అయ్యాక ఇంకొకటి వేసుకోండి, లేదా వంటగదికి ఇంకో లైను లాగించండి.

కరెంటు బిల్లు బాగా పెరుగుతుందా?

వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు ఆగకుండా నడిస్తే ఒక యూనిట్. 1500 వాట్ల ఎయిర్ ఫ్రయర్ 20 నిమిషాలు వేస్తే ఎక్కువలో ఎక్కువ అర యూనిట్. థర్మోస్టాట్ మధ్య మధ్యలో ఆపుతూ వేస్తూ ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. ఎండాకాలం ఏసీ వేసే ఇంట్లో దీని గురించి టెన్షన్ పడటం అనవసరం.

మా అమ్మాయి అమెరికా నుంచి గ్రిల్ తెచ్చింది. ఇక్కడ వాడొచ్చా?

ఈ ఊళ్లో ఈ ప్రశ్న రాని ఇల్లు లేదు. 1994లో అక్కడ బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ పేరుతో వచ్చిన వాలు ప్లేట్ల గ్రిల్ 10 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అలాంటివి మన సూట్‌కేసుల్లోకి కూడా ఎక్కుతూ వచ్చాయి. కొవ్వు ముందుకి జారి ట్రేలో పడటం దాని ప్రత్యేకత. వస్తువు మంచిదే, ఇబ్బంది కరెంటుతోనే.

అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. దాదాపు రెట్టింపు వోల్టేజీ ఇస్తే కాయిల్ రెట్టింపు వేడి కాదు, మూడున్నర రెట్లకు పైగా వేడెక్కుతుంది. క్షణాల్లో కాయిల్ గానీ థర్మోస్టాట్ గానీ పోతుంది, మంట లేచే ప్రమాదం కూడా ఉంది. ఎయిర్‌పోర్టులో దొరికే చిన్న అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది తప్ప వోల్టేజీని కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. స్టిక్కర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే ఏ ఇబ్బందీ లేదు, కానీ అలా ఉండేది ల్యాప్‌టాప్, ఫోన్ ఛార్జర్ల మీద. వేడి చేసే వాటి మీద అరుదు.

స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడొచ్చు. 1500 వాట్ల గ్రిల్‌కి కనీసం 2000 వాట్లది కావాలి. అది ఎత్తలేనంత బరువు, గట్టు మీద గ్రిల్ కంటే ఎక్కువ జాగా తింటుంది, పైగా ఆ డబ్బుకి ఇక్కడే కొత్త గ్రిల్ వచ్చేస్తుంది. అమ్మాయి నొచ్చుకోకుండా ఈ సంగతి ఎలా చెప్పాలన్నది మీ ఇంటి విషయం. వచ్చే ట్రిప్పులో గ్రిల్‌కి బదులు మంచి మీట్ థర్మామీటర్ తెమ్మనండి. బ్యాటరీతో నడుస్తుంది, ఇక్కడా అక్కడా ఒకటే.

కొత్త గ్రిల్ మొదటిసారి వేస్తే పొగ, ఏదో కాలిన వాసన వచ్చింది. పాడైందా?

లేదు. ఫ్యాక్టరీలో కాయిల్ మీద, లోపలి రేకు మీద పూసిన నూనె లాంటిది కాలిపోతుంది. ముందు ప్లేట్లని సబ్బు నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, కిటికీ తెరిచి, పుస్తకంలో చెప్పినంతసేపు ఖాళీగా వేడి చేయండి. పోతుంది. నాలుగైదు సార్లు వాడాక కూడా ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంటే మాత్రం వారంటీ కార్డు వెతకండి.

నాన్‌స్టిక్ ప్లేట్లు ఉన్నదాన్ని ఆ తర్వాత ఎప్పుడూ ఖాళీగా పెట్టి మర్చిపోవద్దు. ఆ కోటింగ్ 260 డిగ్రీలు దాటితే చెడిపోవడం మొదలవుతుంది. మరీ మాడితే వచ్చే పొగ మనకి మంచిది కాదు, పంజరంలోని పక్షుల ప్రాణానికే ముప్పు. లవ్ బర్డ్స్ పెంచుకునేవాళ్లు పంజరాన్ని వంటగదికి దూరంగా పెట్టండి.

కబాబులు చారలు పడకుండా ఉడికినట్టు అవుతున్నాయి. ఏం చేయాలి?

నీరే కారణం. మన మ్యారినేషన్ అంటే పెరుగు. పల్చటి పెరుగులో నానిన ముక్కని ప్లేట్ల మధ్య పెడితే అది ముందు తన నీళ్లు తానే వదిలి అందులోనే ఉడుకుతుంది. పెరుగుని పల్చటి గుడ్డలో కట్టి గంటసేపు వేలాడదీయండి. ముక్కల్ని గ్రిల్ మీద పెట్టే ముందు అదనంగా పట్టుకున్న మసాలాని వేలితో తీసేయండి. రుచి అప్పటికే లోపలికి వెళ్లి ఉంటుంది. పైన మిగిలింది మాడటానికి, మీ చేత తోమించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

రెండోది, ప్లేటు పూర్తిగా వేడెక్కక ముందే పెట్టేయడం. లైటు రంగు మారేదాకా గానీ ఆరేదాకా గానీ ఆగండి, ఆ తర్వాత ఇంకో రెండు నిమిషాలు ఆగితే ఇంకా మంచిది. మూడోది, ఒకేసారి కిక్కిరిసి పేర్చడం. ముక్కకి ముక్కకి మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. దావత్ ఇచ్చి పదిహేను మందిని పిలిచి, ఆరు ముక్కలు పట్టే గ్రిల్ మీద ఆధారపడటం మాత్రం సాహసమే.

తేనె, చక్కెర, కెచప్ ఉన్న పూత చివరి రెండు నిమిషాల్లోనే రాయండి. ముందే రాస్తే నల్లబడి ప్లేటుకి అతుక్కుంటుంది. చెక్క పుల్లలు వాడితే అరగంట నీళ్లలో నానబెట్టండి. సీకులు, జాలీలు, ఓటీజీ ట్రేలు బేగంబజార్ గిన్నెల దుకాణాల్లో బోలెడన్ని సైజుల్లో దొరుకుతాయి, ఓవెన్ లోపలి కొలత రాసుకుని వెళ్లండి.

చికెన్ లోపల ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది?

కచ్చితంగా తెలియాలంటే థర్మామీటర్ ఒక్కటే దారి. ముక్క మధ్యలో, ఎముకకి తగలకుండా గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. రంగుని నమ్మొద్దు. పసుపు, కారం పట్టిన ముక్కలో రంగు ఎలాగూ తెలియదు, లెగ్ పీస్‌లో ఎముక దగ్గర పూర్తిగా ఉడికాక కూడా ఒక్కోసారి గులాబీ రంగు ఉంటుంది. బోన్‌లెస్ చిన్న ముక్కలు రెండు ప్లేట్ల గ్రిల్‌లో 8 నుంచి 10 నిమిషాల్లో అవుతాయి. లెగ్ పీస్‌కి ఆ గ్రిల్ వద్దు, ఓటీజీలోనో ఎయిర్ ఫ్రయర్‌లోనో పెట్టండి.

పచ్చి చికెన్ నానిన గిన్నెలో మిగిలిన మసాలాని ఉడికిన ముక్కల మీద పూయొద్దు. పచ్చివి తీసిన పట్టకారుతోనే అయినవి కూడా తీయొద్దు.

పత్తర్ కా గోష్ట్ ఇంట్లో గ్రిల్ మీద చేయొచ్చా?

హైదరాబాద్‌లో ఉండి ఈ ప్రశ్న అడగకపోతే ఎలా! అయితే ఆ వంట గొప్పతనం రాయిలోనే ఉంది. మందపాటి గ్రానైట్ పలక నిదానంగా వేడెక్కి, ఆ వేడిని పట్టి ఉంచుకుంటుంది. పల్చగా కోసి, పచ్చి బొప్పాయి ముద్దలో నానిన మటన్ ముక్క పెట్టినా రాయి చల్లబడదు, కాబట్టి ముక్క నీరు వదలకుండా కాలుతుంది. చిన్న గ్రిల్ ప్లేటు పల్చటి అల్యూమినియం. నాలుగు ముక్కలు పెట్టగానే వేడి తగ్గిపోతుంది. రుచి దగ్గరగా రావాలంటే బాగా కాలిన ఇనుప పెనం మేలు.

రాయితోనే చేయాలనుకుంటే గ్యాస్ మంట మీదో బయట బొగ్గుల మీదో చేయండి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన వంటగట్టు ముక్క వద్దు, పాలిష్ గ్రానైట్‌కి చాలాసార్లు రెసిన్ పట్టించి ఉంటుంది. తడి రాయిని ఒక్కసారిగా పెద్ద మంట మీద పెడితే పగిలి ముక్కలు ఎగురుతాయి. పూర్తిగా ఆరబెట్టి, సన్న మంట నుంచి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. నాన్‌స్టిక్ గ్రిల్ మీదో ఇండక్షన్ మీదో రాయి పెట్టే ఆలోచన మాత్రం మానుకోండి.

బాల్కనీలో బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చా? చలికాలం హాల్లోకి తెచ్చుకుంటే?

హాల్లోకి అస్సలు తేవద్దు. బొగ్గు కాలేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో మనిషికి మత్తు కమ్మినట్టై లేవలేకపోతాడు. ప్రాణాలే పోతాయి. మంట ఆరి బూడిద కప్పుకున్న నిప్పుల నుంచి కూడా అది వస్తూనే ఉంటుంది. బాల్కనీ సంగతి మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ని అడగండి. పైవాళ్లు ఆరేసిన బట్టల సంగతి కూడా గుర్తుంచుకోండి.

బొగ్గు వాసనే కావాలంటే దుంగార్ పద్ధతి ఉంది. ముక్కలున్న గిన్నె మధ్యలో చిన్న స్టీలు గిన్నె పెట్టి, ఎర్రగా కాల్చిన ఒక్క బొగ్గు ముక్క అందులో వేసి, దాని మీద అర చెంచా నెయ్యి వేసి మూత పెట్టండి. ఐదు నిమిషాలు చాలు. కిటికీ తెరిచే ఉంచండి.

ఎంత జాగ్రత్తగా చేసినా ఇల్లంతా పొగ. ఎందుకు?

పాత జిడ్డే ఎక్కువసార్లు కారణం. నిన్నటి నూనె ఈరోజు కాలుతోంది. ట్రే, కాయిల్ చుట్టుపక్కల చూడండి. రెండో కారణం నూనె. ముక్కల మీద నూనెని బ్రష్‌తో పల్చగా రాయాలి, ప్లేటు మీద పోయకూడదు. కొవ్వున్న మటన్, చర్మంతో ఉన్న చికెన్ ఎలాగూ కొంత పొగ తెస్తాయి, ఎగ్జాస్ట్ ఫ్యాను ముందే వేయండి.

వాడిన వెంటనే గ్రిల్ కడగడం ఎలా? ప్లేట్లు ఊడిరావు.

ఎప్పుడు తుడుస్తారన్నదే ఇందులో కీలకం. మరీ వేడిగా ఉన్నప్పుడు తడిగుడ్డ వేస్తే ఆవిరి చేతిని కాలుస్తుంది, ప్లేటు వంకరపోయి కోటింగ్ దెబ్బతింటుంది. రాత్రంతా వదిలేస్తే పెరుగు మసాలా ఎండి గట్టిపడుతుంది. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, గ్రిల్ తెరిచే ఉంచి మీరు భోజనానికి కూర్చోండి. తినడం అయ్యేసరికి గోరువెచ్చగా ఉంటుంది. చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. సరైన సమయం అదే.

ముందు చెక్క గరిటెతోనో సిలికాన్ అట్లకాడతోనో చారల మధ్య ఉన్న మాడుని ముందుకి, ట్రేలోకి తోయండి. తర్వాత పాత బనియన్ గుడ్డని వేడి నీళ్లలో ముంచి గట్టిగా పిండి, కింది ప్లేటు మీద పరిచి మూత దించండి. పది నిమిషాలు అలా వదిలేస్తే ఆ తేమకి రెండు ప్లేట్ల మీది మసాలా ఒకేసారి నానుతుంది. అప్పుడు అదే గుడ్డతో చారల వెంబడి, అడ్డంగా కాదు, నిలువుగా తుడవండి. మీరు ఊహించనంత మసాలా వస్తుంది. గుడ్డ పసుపుగా మారిపోతుంది, అందుకే పాత బనియన్ అన్నాను. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన తడి స్పాంజితో ఒకసారి, ఉత్త తడిగుడ్డతో రెండుసార్లు, పొడిగుడ్డతో చివరిగా.

వెనకాల రెండు ప్లేట్లు కలిసే కీలు దగ్గర చూడండి. ప్లేటు అంచుకి, బయటి ప్లాస్టిక్‌కి మధ్య సన్నటి సందు ఉంటుంది. నూనె, పెరుగు కారి చేరేది అక్కడికే, వేళ్లు వెళ్లవు. చెవిలో పెట్టుకునే దూది పుల్లని వేడి సబ్బునీళ్లలో ముంచి, పిండి, ఆ సందులో ఈ చివర నుంచి ఆ చివరకి లాగండి. మొదటి పుల్ల నల్లగా వస్తుంది, ఇంకోటి తీయండి. తెల్లగా వచ్చేదాకా అంతే. వాడిన ప్రతిసారీ చేస్తే ఒకటి రెండు పుల్లలతో పోతుంది. చాలా గ్రిల్స్‌లో వేడెక్కినప్పుడు వచ్చే పాత చింతకాయ వాసనకి మూలం ఈ సందే.

వస్తువుని నల్లా కింద పెట్టడం, నీళ్లలో ముంచడం ఎప్పుడూ చేయకండి. పనమ్మాయికి ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే గిన్నెల్లో కలిసిపోతే ఆమె సింకులో వేసి తోమేస్తుంది, అది ఆమె తప్పు కాదు.

నెలల నాటి మాడు పేరుకుపోయింది. స్టీలు పీచుతో రుద్దొచ్చా?

నాన్‌స్టిక్ మీద వద్దు. వంటసోడాలో కొద్దిగా నీళ్లు కలిపి చట్నీలా చేసి, మాడు మీద మందంగా పూసి, అరగంట ఉంచి మెత్తటి స్పాంజితో రుద్దండి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ పూయండి. అల్యూమినియం ట్రేని మాత్రం సోడా పూసి రాత్రంతా వదలొద్దు, నల్లబడుతుంది. వెనిగర్, సోడా కలిపి నురగ వచ్చేలా చేసే వీడియోలు చూడటానికి బాగుంటాయి. ఒకటి ఆమ్లం, ఇంకోటి క్షారం, కలిస్తే రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. విడివిడిగా వాడండి.

స్ప్రే నూనెలు వాడేవాళ్లకి ఒక మాట. వాటిలో కొన్నిటిలో కలిపే లెసిథిన్ వేడికి జిగురుగా మారి ప్లేటుకి పట్టేస్తుంది. ఎంత రుద్దినా పోని గోధుమరంగు పొర అదే. మామూలు నూనె, బ్రష్ చాలు.

నాన్‌స్టిక్ లేచిపోయింది. ఇంకా వాడొచ్చా?

పొరపాటున ఒక పెచ్చు కడుపులోకి వెళ్తే అది జీర్ణం కాకుండా బయటికి పోతుంది, భయపడక్కర్లేదు. కానీ పెచ్చులు లేస్తున్న ప్లేటు అతుక్కుంటుంది, సమంగా కాల్చదు. ప్లేట్లు విడిగా దొరికితే మార్చండి, లేకపోతే ఆ గ్రిల్‌ని సాగనంపండి.

ఎయిర్ ఫ్రయర్‌లో పైన కాయిల్ మీద జిడ్డు కనిపిస్తోంది. అక్కడికి చెయ్యి పోదు.

బుట్టని అందరూ కడుగుతారు, పైకి ఎవరూ చూడరు. ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక బుట్ట బయటికి తీసి, మెషీన్‌ని మెత్తటి తువ్వాలు మీద తలకిందులుగా పెట్టండి. ఇప్పుడు కాయిల్ మీకు ఎదురుగా ఉంటుంది. మెత్తటి పళ్ల బ్రష్‌ని సబ్బునీళ్లలో ముంచి బాగా విదిలించి కాయిల్ మీద మెల్లగా రుద్దండి. స్ప్రే కొట్టొద్దు, నీళ్లు పోయొద్దు. తడిగుడ్డతో తుడిచి, అలాగే రెండు మూడు గంటలు ఆరనివ్వండి. నెలకోసారి చేస్తే సరిపోతుంది.

బుట్టకి మసాలా పట్టేస్తే వేడి నీళ్లు, రెండు చుక్కల లిక్విడ్ పోసి నానబెట్టండి. చిల్లులున్న పేపరు పరిచేవాళ్లు దాని మీద బరువు ఉంచండి, లేకపోతే ఫ్యాను గాలికి లేచి కాయిల్‌కి తగిలి కాలుతుంది. ఖాళీ బుట్టలో పేపరు వేసి ప్రీహీట్ చేయొద్దనేది కూడా అందుకే.

ఓటీజీ అడుగున ఫాయిల్ పరచొచ్చా?

కింది కాయిల్‌కి తగిలేలా, అడుగు రేకు మీద వద్దు. వేడి తిరగబడి అడుగు పాడవుతుంది. కారినవి పడే ట్రే మీద పరుచుకోండి. నిమ్మరసం, చింతపండు, టమాటా తగిలే వంటలకి ఫాయిల్ మంచిది కాదు, పులుపు అల్యూమినియాన్ని తింటుంది. అద్దానికి పట్టిన గోధుమరంగు మరకలకి పైన చెప్పిన సోడా చట్నీయే. వేడి అద్దం మీద చన్నీళ్లు పడితే పగులుతుంది, జాగ్రత్త.

తెల్ల సిలికాన్ బ్రష్, బుట్ట పిడి అన్నీ పసుపుపచ్చగా అయిపోయాయి.

కడిగి ఎండలో పెట్టండి. పసుపు రంగు ఎండకి నిలవదు. మే నెల హైదరాబాద్ ఎండలో రెండు రోజులు చాలు, వానాకాలంలో ఓపిక పట్టాలి. కరెంటు భాగాల్ని ఎండలో వేయొద్దు, ఊడివచ్చే వాటినే.

చేపలు కాల్చాక నీచు వాసన పోవట్లేదు.

మృగశిర కార్తె వచ్చిన వారం ఈ ప్రశ్న ఎక్కువ వస్తుంది. తుడవడం అయ్యాక, ఓటీజీ అయితే ఒక స్టీలు గిన్నెలో నీళ్లు, రెండు నిమ్మచెక్కలు వేసి 120 డిగ్రీల దగ్గర పావుగంట పెట్టండి. తర్వాత తలుపు తెరిచి ఉంచండి. గ్రిల్ అయితే నిమ్మరసం కలిపిన నీళ్ల గుడ్డతో తుడిచి, తర్వాత ఉత్త తడిగుడ్డతో తుడవండి. రబ్బరు, సిలికాన్ భాగాలు వాసన పట్టుకుంటాయి, వాటిని విడిగా కడగాలి. కొర్రమీను లాంటి గట్టి చేప ప్లేటుకి పెద్దగా అంటుకోదు. మెత్తటి చేపని ముందు పొడిగుడ్డతో బాగా అద్ది, నూనె రాసి పెట్టండి, ఒకవైపు కాలేదాకా కదపొద్దు.

మా అత్తగారు శాకాహారి. ఒకే గ్రిల్‌లో రెండూ చేస్తే పర్వాలేదా?

ఎంత కడిగినా కీలు సందులో కొవ్వు ఉండనే ఉంటుంది, వేడెక్కగానే వాసన వస్తుంది, ఆవిడకి తెలిసిపోతుంది. వాదన పెట్టుకోకండి. చవక శాండ్‌విచ్ మేకర్ ఒకటి ఆవిడ పేరు మీద విడిగా కొనేయండి.

కెటిల్ అడుగున తెల్లటి పొర. ప్రమాదమా?

కాదు, అది నీళ్లలోని కాల్షియం. మంజీరా, కృష్ణా, గోదావరి నల్లా నీళ్లతో తక్కువ, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లతో ఎక్కువ. పొర మందమయ్యేకొద్దీ నీళ్లు మరగడం ఆలస్యమవుతుంది. లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి మరిగించి, అరగంట వదిలి పారబోయండి. ఉత్త నీళ్లు ఒకసారి మరిగించి పారబోశాక వాడుకోండి.

ఓవెన్‌లోకి, మిక్సీలోకి బొద్దింకలు దూరుతున్నాయి.

వెచ్చదనం, చీకటి, రొట్టె పొడి, మూడూ అక్కడే దొరుకుతున్నాయి మరి. లోపలికి స్ప్రే కొట్టొద్దు. విషం అన్నంలోకి వస్తుంది, ఆ గ్యాసు కాయిల్ వేడికి మండుతుంది కూడా. ట్రే రోజూ దులపండి. వస్తువుని గోడకి నాలుగు వేళ్లు ఎడంగా జరపండి. జెల్ మందు గట్టు మూలల్లో, అరల వెనక పెట్టండి.

ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోంది. చెప్పులు వేసుకుంటే రావట్లేదు.

చెప్పులు వేసుకోవడం పరిష్కారం కాదు. వెంటనే ప్లగ్గు తీయండి, బాగుచేయించేదాకా వాడొద్దు. లోపల కరెంటు రేకుకి తగులుతోంది, పైగా మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదు. ఎర్తింగ్ బాగుంటే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్, పడిపోయేది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఇంటికి లేకపోతే ముందు అది పెట్టించండి, గ్రిల్ సంగతి తర్వాత.

వానాకాలమంతా అటక మీద ఉన్న ఓటీజీని దించి వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతుంటే కాయిల్ పోయిందనుకోకండి. కాయిల్ గొట్టం లోపల ఉండే తెల్లపొడి, మెగ్నీషియం ఆక్సైడ్, తేమని పీల్చుకుంటుంది. ఆ తేమ గుండానే కరెంటు కారుతుంది. మెకానిక్ మెగ్గర్ (కరెంటు లీకవుతోందో లేదో చూసే మీటరు) పెట్టి చూసి, గొట్టాన్ని ఆరబెట్టి చెప్తాడు. చాలాసార్లు కొత్త కాయిల్ అక్కర్లేదు. చూడకుండానే మార్చాలి అనేవాణ్ని కాస్త అనుమానించండి.

గ్రిల్‌లో మంట లేస్తే?

నీళ్లు పోయొద్దు. అందితే ప్లగ్గు తీయండి, అందకపోతే మెయిన్ ఆపండి. మూతో తలుపో మూసి ఉంచితే గాలి అందక ఆరుతుంది, ఆత్రంగా తెరవొద్దు. పెద్దదైతే బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయండి. చెయ్యి కాలితే 20 నిమిషాలు నల్లా నీళ్ల కింద పెట్టండి. పసుపు, టూత్‌పేస్టు, ఐసు ఏవీ వద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

ప్లేట్లు ఊడివస్తాయా? ఇదే మొదటి ప్రశ్న. ఊడివచ్చేదానికి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు, ఎందుకంటే పైన కీలు సందు గురించి నేను చెప్పిన తతంగమంతా తప్పుతుంది. కొవ్వు ట్రే విడిగా ఉందా, వైరు గట్టు నుంచి పాయింటు దాకా అందుతుందా, విడి ప్లేట్లు తర్వాత దొరుకుతాయా అని అడగండి. ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థదే అయిన బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరికి ఏ వస్తువుకి ఇచ్చిన లైసెన్సో చూపిస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు. బిల్లు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, వేడితో అచ్చయ్యే థర్మల్ పేపరు మీది అక్షరాలు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతాయి, వారంటీ మాత్రం ఆ బిల్లు చూపిస్తేనే ఇస్తారు.